యల్లాప్రగడ సుబ్బారావు గారి దరఖాస్తు

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసిమ్మని కార్యదర్శి గారు అడిగిన నాడే మా ఇంట్లో మనవడి బయోడేటా గురించి పెద్ద చర్చ జరుగుతోంది. తండ్రి జబ్బు వల్ల వాడికి చదువులో రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్లు చూపించాలా, దాచాలా? వాడి స్నేహితుడొకడు తన ఇంటిపేరు పూర్తిగా రాయాలా, ఒక్క అక్షరంతో సరిపెట్టాలా అని తటపటాయిస్తున్నాడు. ఊరు చెప్పగానే మీరేమిట్లు అని అడిగేవారు మన బెజవాడలో తగ్గలేదు కదా! అప్పుడు నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. అనారోగ్యంతో అదీ మధ్యలోనే పోయింది. కుర్రవాడికి చదువు మీద ధ్యాస తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటే డబ్బు సంపాదించవచ్చని ఇల్లు విడిచి పారిపోయిన ఘనుడు! తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి వెనక్కి రప్పించి చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు.

తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లేవారట. శస్త్రచికిత్స నేర్పే ఆంగ్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరకు చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దాని కంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. ఆ మూడక్షరాలు మద్రాసు మెడికల్ సర్వీసు తలుపు మూసేశాయి. దొరికిన ఉద్యోగం ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పడం. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొలువులో చేరిన కొత్తలో నేను దరఖాస్తులు విడదీసే సీటులో ఉండేవాడిని. ఒకే దఫాలో పరీక్ష ప్యాసుకాని వారివి వేరే కట్ట కట్టమని పైనుంచి మాట. నిబంధనల్లో ఎక్కడా లేదు, నోటిమాటే. దివి తాలూకా నుంచి వచ్చిన ఒక కుర్రవాడి దరఖాస్తు ముత్యాల్లాంటి దస్తూరీతో ఉంది. మూడో దఫాలో ప్యాసయ్యాడు. నేనే ఆ కట్టలో పెట్టి దారం బిగించాను. సుబ్బారావు గారి దరఖాస్తు వచ్చినా అదే కట్టలో పెట్టి ఉండేవాడిని.

మామగారి సాయంతోను, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతోను ఆయన 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. అక్కడ కూడా మన డిగ్రీ చెల్లలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేశారు. ఇక్కడ భార్య శేషగిరి గారికి కలిగిన మగబిడ్డ ఏడాదైనా నిండకుండా పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి 1925లో రక్తం వగైరాలలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఇప్పటికీ విద్యార్థులు దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.! రెండోది జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు కనుగొన్నాడు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ప్రొఫెసర్ పదవి రాలేదు. పౌరసత్వం మాట తీసుకున్నా, 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు అనర్హులని తేల్చింది. ఆ చట్టం మారింది 1946లో.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. పసిపిల్లల రక్త క్యాన్సర్‌పై ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ అక్కడిదే. ఆరియోమైసిన్ అక్కడిదే. ఆయన మాత్రం పేరు ముందుకు తోసుకునే రకం కాదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది.

మరొక మందు పేరు హెట్రజాన్. కాలువగట్ల వెంట బోదకాలుతో ఈడ్చుకుంటూ నడిచినవారిని చూడని డెల్టా వాసి మనలో ఉండడు. మా మేనత్త ఒకామె. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. మింగుతున్నప్పుడు ఎవరికీ తెలియదు, అది భీమవరం వాడిదని.

రాత్రి మనవడికి ఇదంతా చెప్పాను. ఆ రెండేళ్లు ఒక వరుసలో రాశాడు: తండ్రి అనారోగ్యం, ఇంటి బాధ్యత. పొద్దున్నే గవర్నర్‌పేట వెళ్లి నాలుగు కాపీలు తీయించుకొచ్చాడు. ఆ దివి తాలూకా కుర్రవాడి పేరు మటుకు నాకెంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.