డెబ్బై పెట్టెలు

ఆల్బర్ట్ ష్వైట్జర్ అనగానే ఆఫ్రికా అడవిలోని లాంబరేనే ఆసుపత్రి గుర్తొస్తుంది. దానికి ముందు ఆయన చేసిన బజారు పని ఎవరికీ గుర్తుండదు.

స్ట్రాస్‌బర్గ్‌లో వేదాంత అధ్యాపకుడు, పేరున్న ఆర్గాన్ వాద్యకారుడు. 1905లో, ముప్పై ఏళ్ల వయసులో వైద్య విద్యార్థిగా చేరారు. పారిస్ మిషనరీ సంఘానికి ఆయన సిద్ధాంతాలు నచ్చలేదు. ఖర్చంతా తానే భరిస్తాననీ, బోధించననీ మాటిచ్చాకే ఒప్పుకుంది.

ఇక ఇంటింటికీ తిరిగారు. వచ్చింది పలకరించడానికి కాదు, అడగడానికని తెలియగానే కొందరి ముఖాలు మారిపోయేవి. (చందా పుస్తకం పట్టిన కాపరులకు ఇది కొత్త కాదు!) కచేరీలు చేసి మరికొంత కూడబెట్టారు. తర్వాత రోజుల తరబడి దుకాణాలు, ధరల పట్టికలు. పుస్తకాల మనిషికి మొదట విసుగే. పోనుపోను, ఏదీ మరవకుండా జాబితా రాయడంలోనూ ఆనందముందని తెలిసింది.

యుద్ధం వస్తుందేమోనని 2,000 మార్కులు బంగారు నాణేలుగానే వెంట తీసుకెళ్లారు. 70 పెట్టెలు ముందుగా గూడ్సు బండిలో బోర్డో చేరాయి. 1913 శుభ శుక్రవారం నాడు ఆయన, నర్సు శిక్షణ పొందిన భార్య హెలెన్ బయలుదేరారు. ఓడలో సముద్రం దాటి, ఒగోవే నది మీద పడవలో ఏప్రిల్‌లో చేరేసరికి పెట్టెలింకా రాలేదు. రోగులు మాత్రం వచ్చేశారు. పాత కోళ్లగూడే మొదటి వైద్యశాల అయింది.

1914లో యుద్ధం రానే వచ్చింది. జర్మన్ పౌరులని దంపతులను నిర్బంధించారు, 1917లో ఫ్రాన్సుకు తరలించారు. ఆసుపత్రి కోసం చేసిన అప్పులు మిగిలాయి. 1920లో స్వీడన్‌లో ఉపన్యాసాలిచ్చి, ఆర్గాన్ వాయించి వాటిని తీర్చడం మొదలుపెట్టారు. 1924లో మళ్లీ పెట్టెలు సర్దుకుని లాంబరేనే వెళ్లారు.