జోల్తాన్ బాయ్

జోల్తాన్ బాయ్ (జూలై 24, 1900 - అక్టోబరు 4, 1992) హంగేరీ దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. 1946లో రేడియో తరంగాలను చంద్రుని మీదికి పంపి, అక్కడి నుండి తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని గుర్తించిన బృందానికి నాయకుడు. చంద్రుని అద్దంగా చేసుకొని హామ్ రేడియో ఔత్సాహికులు దూరదేశాలతో జరిపే సంభాషణకు దారి చూపిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి. హంగేరీలో మనవలెనే ఇంటిపేరు ముందు వ్రాస్తారు కనుక స్వదేశంలో ఈయన బాయ్ జోల్తాన్.

బాల్యము, విద్య

బాయ్ తూర్పు హంగేరీలోని ద్యులవారి గ్రామంలో ఒక క్రైస్తవ మతబోధకుని కుమారుడుగా జన్మించాడు. దెబ్రెత్సెన్‌లో చదివి, బుడాపెస్టు విశ్వవిద్యాలయం నుండి 1926లో డాక్టరేటు పొందాడు. బెర్లిన్‌లో నాలుగేళ్ళు పరిశోధన చేసిన పిదప 1930లో సెగెద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1936లో టుంగ్‌స్రామ్ దీపాల కర్మాగారపు పరిశోధనశాలకు అధిపతిగా చేరాడు.

యుద్ధకాలం

రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో బాయ్ బృందం హంగేరీ సైన్యం కొరకు రాడార్ నిర్మించింది. ఆ సాధనాన్నే చంద్రుని వైపు త్రిప్పాలన్న ఆలోచన 1944లో రూపుదిద్దుకున్నది. బాంబుదాడుల వలన ప్రయోగశాలను నగరం వెలుపలికి తరలించవలసి వచ్చింది. ఆ రోజులలోనే తన యూదు సహోద్యోగులను కాపాడినందుకు ఇజ్రాయెల్‌లోని యాద్ వషెమ్ సంస్థ తరువాతి కాలంలో ఈయనను గౌరవించింది. 1945లో సోవియట్ సేనలు యుద్ధ పరిహారం క్రింద కర్మాగారపు యంత్రాలను విప్పి తరలించుకొని పోయాయి. వాటితో బాయ్ పరికరాలు కూడా పోయాయి. బృందం మొదటి నుండి మళ్ళీ నిర్మించుకున్నది.

చంద్రుని ప్రతిధ్వని

చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. వెళ్ళిన తరంగం తిరిగి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. బాయ్ వద్దనున్న పరికరాల శక్తికి, తిరిగి వచ్చే సంకేతం గ్రాహకంలో పుట్టే సొద కంటే ఎంతో బలహీనంగా ఉంటుందని లెక్కలు తేల్చాయి. అంటే ఒక్క ప్రతిధ్వనిని విడిగా గుర్తించడం అసాధ్యం. ఇక్కడే ఆయన ప్రతిభ కనిపిస్తుంది. ఒకే ప్రయోగాన్ని అనేకసార్లు చేసి ఫలితాలను కూడితే, సంకేతం ప్రతిసారీ ఒకే క్షణంలో వస్తుంది కనుక పెరుగుతూ పోతుంది. సొదకు ఒక క్రమం లేదు కనుక అంత వేగంగా పెరగదు. వేయి సార్లు కూడితే సంకేతం వేయి రెట్లు, సొద సుమారు 32 రెట్లు మాత్రమే అవుతుంది.

కూడడానికి కంప్యూటర్లు లేని కాలమది. బాయ్ పది చిన్న విద్యుద్విశ్లేషణ పాత్రలను తీసుకున్నాడు. మూడు సెకన్లకు ఒక తరంగ స్పందనను పంపేవారు. తిరుగుడు స్విచ్ ఒకటి గ్రాహకపు విద్యుత్తును వంతులవారీగా ఒక్కొక్క పాత్రకు అందించేది. విద్యుత్తు ప్రవహించిన కొలదీ పాత్రలో హైడ్రోజన్ వాయువు చేరుతుంది. సుమారు 50 నిమిషాల తరువాత, రెండున్నర సెకన్ల వంతుకు చెందిన పాత్రలో వాయువు మిగిలిన వాటికంటే ఎక్కువగా ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. 1946 ఫిబ్రవరి 6న బుడాపెస్టును ఆనుకొని ఉన్న ఉయ్‌పెష్ట్‌లో ఆ తేడా స్పష్టంగా కనిపించింది.

అయితే అమెరికాలో జాన్ డివిట్ నాయకత్వాన సైనిక బృందం జనవరి 10నే చంద్రుని ప్రతిధ్వనిని అందుకున్నది. కనుక మొదటివాడన్న పేరు బాయ్‌కి దక్కలేదు. కానీ ఆయన పద్ధతి అంతకంటే తక్కువదని భావించరాదు.

హామ్ రేడియోలో

చంద్రుని ద్వారా ఔత్సాహికుల తొలి ఉభయపక్ష సంభాషణ 1960 జూలైలో అమెరికాలోని కాలిఫోర్నియా, మసాచుసెట్స్ కేంద్రాల మధ్య 1296 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై జరిగింది. అప్పట్లో పెద్ద యాంటెన్నాలు, అధిక శక్తి అవసరమయ్యేవి. 2000 తరువాత నోబెల్ బహుమతి గ్రహీత జోసెఫ్ టేలర్ వ్రాసిన కంప్యూటర్ ప్రోగ్రాములు చెవికి వినిపించని సంకేతాలను సైతం చదివి, చిన్న కేంద్రాలకు కూడా చంద్రుని అందుబాటులోకి తెచ్చాయి. పలుమార్లు వచ్చిన సంకేతాలను కూడి చూచే వాటి ఉపాయం, హైడ్రోజన్ పాత్రలలో బాయ్ చేసిన పని ఒకే సూత్రంపై ఆధారపడినవి.

ప్రవాసం

రాజకీయ పరిస్థితులు మారడంతో 1948లో ఈయన దేశం విడిచి అమెరికా చేరాడు. జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోను, 1955 నుండి జాతీయ ప్రమాణాల సంస్థలోను పనిచేశాడు. మీటరును కాంతి వేగం ఆధారంగా నిర్వచించాలని చాలాకాలం వాదించాడు. 1983లో అంతర్జాతీయ సమావేశం ఆ విధమైన నిర్వచనాన్నే ఆమోదించింది. ఆయన వెళ్ళిపోయాక సభ్యత్వాన్ని రద్దుచేసిన హంగేరీ శాస్త్ర అకాడమీ 1989లో దానిని పునరుద్ధరించింది. 1992లో అమెరికాలో మరణించగా, ఆయన అవశేషాలను స్వగ్రామమైన ద్యులవారిలో ఖననం చేశారు.