తాడు వదలని కాపరి – కెట్టరింగ్ ఆండ్రూ ఫుల్లర్ గారు

విలియం కేరీ గారి పేరు మన సండే స్కూలు పిల్లలకు కూడ తెలుసు. ఆయనను ఇండియాకు పంపి, తాను చనిపోవు వరకు వెనుక నిలిచిన ఆండ్రూ ఫుల్లర్ గారిని తలచుకొనేవారు తక్కువ. అందుకే ఆయన జీవితమును క్లుప్తముగా మీ ముందుంచుచున్నాము.

ఫుల్లర్ గారు 1754 ఫిబ్రవరి 6న ఇంగ్లండులోని వికెన్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. పెద్ద చదువులు లేవు. పడుచుతనంలో కుస్తీ అంటే ఇష్టం. 16 ఏండ్ల వయసులో బాప్తిస్మం పొంది, 1775లో సోహామ్ సంఘ కాపరి అయ్యారు. 1782లో కెట్టరింగ్ అను చిన్న పట్టణమునకు వచ్చి, మరణము వరకు దాదాపు 33 ఏండ్లు ఆ ఒక్క సంఘమునే కాచారు.

ఆ రోజులలో అనేక బాప్తిస్టు సంఘాలలో ఒక బోధ ఉండేది. దేవుడు ఏర్పరచుకొన్నవారు తామే వస్తారు గనుక, పాపులను బ్రతిమాలి పిలువవలసిన పని లేదనేవారు. ఫుల్లర్ గారు ఆ బోధలోనే పెరిగారు. అయినను లేఖనములను మరల మరల పరిశోధించి, వినువారందరు విశ్వసింపవలసినదే, కాపరి అందరిని పిలువవలసినదే అని 1785లో గ్రంథము ప్రచురించారు. ఇంటిప్రక్కవానిని పిలువవలెనంటే సముద్రము అవతలివానిని కూడ పిలువవలెను గదా! మిషను పుట్టుటకు ఈ ఆలోచన దారి చేసింది.

1792 వేసవి ఆయనకు కఠినమైనది. భార్య సారా గారికి మతి చలించింది. భర్తను గుర్తుపట్టలేదు. తన ఇంటిలోనే ఉండి, ఇది నా ఇల్లు కాదు, నన్ను ఇంటికి పోనివ్వండని వేడుకొనేది. ఆగస్టు 23న ఆమె కన్నుమూసింది. సరిగా 40 రోజులకు, అక్టోబరు 2న, కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటి చిన్న గదిలో కొద్దిమంది కాపరులు కూడి బాప్తిస్టు మిషనరీ సంస్థను స్థాపించారు. ఆ రోజు వ్రాసుకొన్న చందాలు 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. కార్యదర్శి భారము ఫుల్లర్ గారి మీద పడింది. దుఃఖములో ఉన్నానని తప్పించుకోలేదు.

ఇండియాను ఆయన లోతు తెలియని గనితో పోల్చారు. కేరీ గారు దిగుతారు, పైనున్నవారు తాడు పట్టుకోవలెను. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో మన పెద్దలు ఎందరో పనిచేశారు. ఆ ఇండ్లవారికి తాడు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

1793లో కేరీ గారు బయలుదేరారు. వారిద్దరు మరల కలుసుకోలేదు. ఫుల్లర్ గారు చందాల కొరకు ఇంటింటికి తిరిగారు. స్కాట్లండుకు ఐదుసార్లు వెళ్లారు. లండనులో కాదన్నవారి గుమ్మము దిగి, సందులోనికి తొలగి ఏడ్చేవారని చెప్పుదురు. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటుకు మిషనరీలే కారణమని ఇంగ్లండులో కొందరు నింద వేయగా, కలము పట్టి జవాబిచ్చారు. 1809లో, తన దారి తాను చూసుకొని తిరిగిన కుమారుడు రాబర్టు సముద్రము మీద చనిపోయాడు. 1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయం కాలిపోయి, అనేక భాషల అచ్చు అక్షరములు, చేతివ్రాతలు బూడిదైనప్పుడు, ఆయనయు మిత్రులును కొద్ది వారాలలోనే నష్టమునకు సరిపడు ధనము కూర్చారు.

1815 మే 7న ఆయన ప్రభువునందు నిద్రించారు. మూడేండ్ల తరువాత, 1818లో, అదే శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. దానిని ఆయన చూడలేదు, ఇండియానే చూడలేదు.

మన తాతలు ఊరు విడిచి వచ్చినప్పుడు, వెనుక పొలము, ముసలివారిని చూచుకొంటూ ఆగినవారు ఉన్నారు. వచ్చినవారి కథ మనం చెప్పుకొంటాము. ఆగినవారి పేర్లు కూడ మన పిల్లలకు చెప్పుదము.