దోమ గుట్టు తెలిపిన సర్ రోనాల్డ్ రాస్

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. ఆ దారిన వెళ్లే మనలో చాలామంది దాన్ని తలెత్తి చూడరు. నల్లకుంటలో మన పెద్దలు కోరంటి దవాఖానా అని పిలిచే ఫీవరాసుపత్రికి కూడా ఆ భవనానికున్న పేరే ఉంది. ఆ పేరు సర్ రోనాల్డ్ రాస్‌ది.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. తండ్రి భారత సైన్యంలో అధికారి. కుమారునికి కవిత్వం, సంగీతం అంటే ప్రాణం; తండ్రి కోరిక మీదే వైద్యం చదివారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

ఆ రోజుల్లో మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. రోగి రక్తంలో ఉండే క్రిమిని 1880లోనే లావెరాన్ చూశారు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. దోమ మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో మాన్సన్ అనే వైద్యుడు రాస్‌కు చెప్పారు. మరుసటి ఏడు సికింద్రాబాద్ వచ్చిన రాస్ దోమలను కోసి చూడసాగారు. రెండేళ్లు ఫలితం లేదు. ఆయన చూస్తున్నవి వేరే జాతి దోమలు మరి!

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చారు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే పని. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడపై నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. అవే మలేరియా క్రిములు.

అంతలో రాజపుటానాకు బదిలీ. తర్వాత 1898లో కలకత్తాలో ముహమ్మద్ బక్ష్ అనే సహాయకునితో కలిసి, పక్షుల మలేరియా క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. బహుమతి రాస్‌ది, నిజమే. కానీ హుస్సేన్ ఖాన్, ముహమ్మద్ బక్ష్ పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలని మేము కోరుకుంటాము.

రోగి పక్కన కూర్చొని సేవ చేయడం మనకు కొత్త కాదు. ఖందక్ యుద్ధంలో గాయపడిన వారికి గుడారంలో సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి) గురించి మనకు తెలుసు. రాస్ కనుగొన్న దానితో ఆ సేవ మంచం దగ్గర ఆగకుండా పొరుగింటి నీళ్ల తొట్టి వరకు వెళ్లింది. 1902లో ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణానికి ఆయన వెళ్లారు. ఆయన సలహా మీద అక్కడ గుంటలు పూడ్చారు, ఇంటింటికీ తిరిగి మురుగు గుంతల్లో నూనె పోశారు. కొద్ది ఏళ్లలోనే కొత్త జ్వరాలు దాదాపు ఆగిపోయాయి.

నేడు మన బస్తీకి వచ్చే ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త కూలరు, డ్రమ్ము, పూలకుండీ తొంగి చూసేది అందుకే. కొందరు విసుక్కుంటారు, తలుపు తీయరు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీళ్లు పారబోసి తొట్టి తోమి ఆరబెడితే గుడ్లు, పురుగులు అక్కడే నశిస్తాయి. మన దగ్గర దీనికి శుక్రవారాన్ని డ్రై డేగా పెట్టారు. జుమా కోసం ఇల్లూ ఒళ్లూ శుభ్రం చేసుకునే మనకు ఇంతకన్నా అనువైన రోజు ఏముంటుంది?

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించారు. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.