శాండో చరిత్రము

దేహబలము పుట్టుకతో వచ్చునదనియు, అది కొందరికే దైవమిచ్చిన వరమనియు మనలో పలువురు తలంతురు. ఆ తలంపు ఎంతవరకు నిజమో యూజెన్ శాండో జీవితమునుబట్టి తెలిసికొనవచ్చును. ఈ పేరు వినని తెలుగువారు తక్కువ. చేతులులేని బనియనును మనము నేటికిని శాండో బనియనని పిలుచుచున్నాము. ఒక మనుష్యుని పేరు ఇట్లు ఇంటింటి మాట యగుట అరుదు. కాని ఆ మనుష్యుడు దేనిని సాధించెనో, ఎట్లు సాధించెనో ఎరిగినవారు కొలదిమందియే.

శాండో 1867వ సంవత్సరము ఏప్రిలు 2వ తేదీన ప్రష్యా రాజ్యమందలి కోనిగ్స్‌బర్గు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లరు. యౌవనారంభముననే స్వదేశమును విడిచి, దేశాటనము చేయుచు బ్రస్సెల్సు నగరమును చేరెను. అచ్చట ప్రొఫెసర్ అట్టిలా యను పేర ప్రసిద్ధుడైన లూయీ డుర్లాకరను వ్యాయామాచార్యుని ఆశ్రయించెను. ఆ గురువు శిష్యునిచేత బరువులను క్రమముగా ఎత్తించి, వాని బలమునకు తీరును, ప్రదర్శనమునకు మెలకువను నేర్పెను. ఎంత బలవంతుడైనను గురుశుశ్రూష లేనిదే విద్య పట్టుబడదనుటకు ఇది యొక నిదర్శనము.

1889వ సంవత్సరమున లండను నాటకశాలలలో శాంసనను బలశాలి యొకడు తనను గెలిచినవారికి ఐదువందల పౌనులిత్తునని రాత్రి రాత్రికి సవాలు చేయుచుండెను. ఎవ్వరును ముందునకు రాకుండిరి. శాండో ముందు వాని శిష్యుడైన సైక్లాప్సును ఓడించి, నవంబరు 2వ తేదీన శాంసనునే ఎదిరించెను. ఇనుపకడ్డీలను వంచుట, ఇనుపగొలుసులను త్రెంచుట మున్నగు పరీక్షలలో శాంసనుకు సమముగా నిలిచి గెలుపొందెను. ఒక్క వారములో అనామకుడు జగత్ప్రసిద్ధుడయ్యెను. 1893వ సంవత్సరమున చికాగో నగరమున మహాప్రదర్శనము జరుగుచుండగా అమెరికావాసులు వానిని చూడ విరగబడిరి. మరుసటి యేడు ఎడిసను కార్యశాలలో వాని దేహవిన్యాసములను చలనచిత్రముగా తీసిరి. చలనచిత్రములు పుట్టిన తొలినాళ్లలో పటమునకెక్కినవారిలో ఈతడొకడు.

ఇంతటితో ఆగినచో శాండో గారడీవానివంటివాడై మరుగునపడియుండును. వాని గొప్పతనము అటుతరువాతి కార్యమునందున్నది. తాను సంపాదించిన బలమును సామాన్యులకు నేర్పవలయునని 1897వ సంవత్సరమున లండను సెయింట్ జేమ్స్ వీథిలో వ్యాయామవిద్యాలయమును స్థాపించెను. మరుసటి యేట ఒక మాసపత్రికను ప్రారంభించెను. గుమాస్తాలు, వర్తకులు, బల్లలయొద్ద కూర్చుండి పనిచేయువారు వాని శిష్యులైరి.

వీరికొరకు శాండో కల్పించిన పరికరము స్ప్రింగు డంబెల్లు. దీని నిర్మాణము మిక్కిలి సులభము. డంబెల్లును నిలువున రెండు చెక్కలుగా చీల్చి, నడుమ ఉక్కు స్ప్రింగులను అమర్చిరి. పిడికిలితో గట్టిగా నొక్కినచో రెండు చెక్కలును కలిసికొనును. పట్టు సడలినచో వెంటనే విడిపోవును. వ్యాయామము ముగియువరకు అవి విడిపోకుండ పట్టియుంచవలయును. బలము పెరిగినకొలది స్ప్రింగుల సంఖ్యను పెంచుకొనవచ్చును.

ఇందలి రహస్యమేమి? డంబెల్లును పట్టుకొని పరధ్యానముగా చేతులూపినవానికి ఫలమంతగా లేదనియు, మనస్సును కండరమునందు నిలిపినవానికే ఫలము కలుగుననియు శాండో బోధించెను. మామూలు డంబెల్లు మన పరధ్యానమును బయటపెట్టదు. స్ప్రింగు డంబెల్లు బయటపెట్టును. మనస్సు ఎప్పుడు అంగడికో, ఆఫీసుకో పోయెనో అప్పుడే పిడికిలి విచ్చుకొనును. గురువు దగ్గరలేకున్నను శిష్యుని తప్పును చూపు సాధనమిది. వ్రేళ్లను ముడుచు కండరములలో పెద్దవి అరచేతిలోగాక ముంజేతిలో నున్నవి; వాని నరములవంటి త్రాళ్లు మణికట్టు దాటి వ్రేళ్లకు చేరును. కావున పిడికిలి బిగించినప్పుడు ముంజేయి యంతయు పనిచేయును.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. శాండో దేహము తేలిక డంబెల్లులచేతనే తయారైనది కాదు. అట్టిలాయొద్ద ఎత్తిన పెద్ద బరువులే దానికి పునాది. తాను అమ్మిన వస్తువును తన బలమునకు మూలముగా చూపెనను విమర్శ వానిపై కలదు, అది న్యాయమైనదే. అయినను ఏకాగ్రతను గూర్చి చెప్పినది మాత్రము అసత్యము కాదు.

1901వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన లండను ఆల్బర్టు హాలులో దేహసౌష్ఠవ పరీక్షను జరిపెను. నవలాకారుడు ఆర్థర్ కోనన్ డాయిల్ న్యాయనిర్ణేతలలో నొకడు. పెద్ద కండలుగలవానికిగాక, సర్వాంగములును సమముగా పెరిగి ఆరోగ్యముగా నున్నవానికి బహుమానమీయవలయునని నియమము. నాటింగ్‌హాము వాస్తవ్యుడగు విలియం మర్రే బంగారుప్రతిమను గెలుచుకొనెను. 1904-05 సంవత్సరములలో శాండో హిందూదేశమునకు వచ్చి ప్రదర్శనములిచ్చెను. 1911వ సంవత్సరమున ఐదవ జార్జి చక్రవర్తి వానిని తన వ్యాయామాచార్యునిగా నియమించెను.

కాని భాగ్యము నిలువలేదు. మొదటి మహాయుద్ధకాలమున జర్మను పుట్టుక వానికి అపకారియయ్యెను. వాని కోకో వ్యాపారము 1916వ సంవత్సరమున కూలిపోయెను. 1925వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, 58వ యేట, లండనులో మరణించెను. మోటారుబండిని ఎత్తబోయి మరణించెనని లోకము చెప్పుకొనెను. మరణపత్రమునందు బృహద్ధమని వ్యాధియని వ్రాయబడెను. లక్షలమంది చూచిన ఆ వీరుని సమాధిపై పేరైనను లేకుండ బహుకాలము గడచెను. 2002వ సంవత్సరమునగాని శిల నిలువలేదు.

శాండో కీర్తియు, ధనమును పోయినవి. వాని పాఠము మిగిలినది. 2015వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో 17 దేశములలో సుమారు లక్షా నలువదివేలమంది పిడికిలి పట్టును కొలిచి, పట్టు తగ్గినవారిలో మరణములు హెచ్చుగా నుండుటను వైద్యులు గమనించిరి. పట్టు ఆయువును పోయునని దీని భావము కాదు. దేహమెట్లున్నదో పిడికిలి తెలుపునని భావము.

యువకులారా! ఖరీదైన పరికరము లేకున్నను కొరతలేదు. బావినుండి నీరు చేదుటయందును, చాకిరేవున తడిబట్ట పిండుటయందును పట్టు కలదు. ఊపిరి బిగబట్టక, నొప్పి కలిగినచోట ఆగి, కొద్దికొద్దిగా పెంచుచు ప్రతిదినము సాధన చేయుడు. ఒకనాడు మితిమీరి చేసి, పదినాళ్లు మానుట నిగ్రహము కాదు. కొన్ని నిమిషములు మనస్సును పిడికిలియందు నిలుపగలిగినవాడు కోపమువచ్చినప్పుడు నాలుకను, ఆశ పుట్టినప్పుడు చేతిని నిలుపుకొనుట నేర్చుకొనును. బలమునకు ఫలమిదియే.