కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే



మా ఇబ్రహీంపూర్‌లో ఒక చిన్నవాడు పాత మోటారునుండి తీసిన రాగి తీగను ఇనుప బోల్టుకు కొన్ని వందల చుట్లు చుట్టి, టార్చిలైటు బ్యాటరీతో ఆడుకొనుచుండెను. తీగ కలిపినప్పుడు ఏమియు కాలేదు. రెండు కొసలను వేళ్ళతో పట్టుకొని విడదీసినప్పుడు చురుక్కున షాకు కొట్టెను. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీకి ఇంత బలమెక్కడిదని వాడు నన్నడిగెను. వాని తండ్రి మాత్రము, పొలము పని విడిచి ఈ ఆటలేమని ఆ చుట్టను పారవేయబోయెను. ఆ తండ్రికి నేను చెప్పిన జీవితమునే మీకును వ్రాయుచున్నాను.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను సమీపమున జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి, తరచు రోగముతో బాధపడువాడు. ఇంట లేమి మెండు. బాలుడు బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, లెక్కించుట మాత్రమే. పద్నాలుగవ యేట రీబో అను ఆయన దుకాణములో పుస్తకములకు అట్టలు వేయు పని నేర్చుకొనుటకు ఏడేండ్లు కుదిరెను. బైండింగుకు వచ్చిన పుస్తకములను కుట్టుటతో ఆగక, వాటిని చదివెను. చదివినదానిని చదివినట్లే విడువక, చేతనున్న కొద్ది కాసులతో చిన్న యంత్రములు చేసి పరీక్షించెను. 1810లో తండ్రి మరణించెను. కుమారుని పేరు లోకమెరుగుట ఆయన చూడలేదు.

1812లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని ప్రసంగములు విని, వాటిని చక్కగా వ్రాసి, తానే బైండు చేసి ఆయనకు పంపెను. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా ఉద్యోగము దొరికెను.

1831 ఆగస్టు 29న ఫారడే ఒక ఇనుప ఉంగరమునకు ఇరుప్రక్కల రెండు తీగ చుట్టలు చుట్టెను. ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడు, రెండవదానికి చేర్చిన సూది కదలెను, వెంటనే నిలిచిపోయెను. విడదీసినప్పుడు మరల కదలెను. అక్టోబరు 17న చుట్టలోనికి అయస్కాంతమును త్రోసి, లాగి, దానివలననే విద్యుత్తు పుట్టుట కనుగొనెను. మన పొలముల దగ్గరనున్న ట్రాన్స్‌ఫార్మరు ఆ ఉంగరపు సంతతియే.

చిన్నవాడు తిన్న షాకును ఫారడే 1834లో శోధించెను. అమెరికాలో జోసఫ్ హెన్రీ దానిని అంతకుముందే, 1832లో ప్రకటించియుండెను. చుట్టల కొలతకు ఆయన పేరే పెట్టబడెను. సంగతి యిది: చుట్టలో పారు విద్యుత్తు చుట్టూ అయస్కాంత శక్తిని నిలుపును. తీగ తటాలున తెగినప్పుడు ఆ శక్తి ఒక్క క్షణములో వెలువడును. అందుచేత వోల్టేజి అనేక రెట్లు పెరుగును. క్రొత్త బలమేదియు పుట్టలేదు, దాచుకొనినదే బయటికి వచ్చెను. కాబట్టి బాలురు టార్చి బ్యాటరీని దాటి, మోటారు స్టార్టరు జోలికి పోరాదు. అక్కడ ప్రాణమే పోవును.

ఫారడే శాండిమానియను అను చిన్న సంఘమువాడు. 1821లో సారా బార్నార్డును వివాహమాడి, నెల దినములకు సంఘము ఎదుట విశ్వాసపు ఒప్పుకోలు చేసెను. 1840లో సంఘపు పెద్ద ఆయెను. 1844లో సంఘమందు కలిగిన వివాదములో ఆయన వెలివేయబడెను. కొన్ని వారములకు మరల చేర్చుకొనిరి గాని, పెద్దరికము 1860 వరకు దొరకలేదు. లోకమంతయు ఘనపరచు మనుష్యుడు పదహారేండ్లు ఆ సంఘములోనే సామాన్య సభ్యుడుగా నుండెను. వేరు సంఘము పెట్టలేదు. చిన్న మాటకే గుడి మానుకొను మనకు ఇది గద్దింపు కాదా? సర్ అను బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని ఆయన అంగీకరింపలేదు. 1867 ఆగస్టు 25న నిద్రించెను. హైగేటు శ్మశానములో నిరాడంబరముగా సమాధి చేయబడెను.

నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినది లోహపు పనికిని, చెక్కడపు పనికిని గదా. చేతిపనిలోని తెలివియు ఆయన ఈవియే. ఆ తండ్రి చుట్టను పారవేయలేదు. సాయంత్రము పని ముగిసిన పిమ్మట ఒక గంట వానికి ఇచ్చెను. మీ యిండ్లలోను అట్టి పిల్లలుండవచ్చును. ప్రభువు మనకు వివేకము దయచేయునుగాక. ఆమేన్.