రాజా దీనదయాళ్

మన్నళ్ళి, బీదరు ప్రాంతములు నైజాము ఏలుబడిలో నున్న కాలమున ఆ రాజ్యవైభవమును గాజుపలకలపై నిలిపిన ఛాయాగ్రాహకుడు లాలా దీనదయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోరు సర్కారు కొలువులో చేరెను. 1874లో కెమెరా చేపట్టెను. వేడుకగా మొదలైన పనియే వృత్తి యయ్యెను. నెలజీతపు నిశ్చింతను వదలి, సికిందరాబాదులో స్టూడియో పెట్టెను. ఆరవ నిజాము ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, రాజా బిరుదమిచ్చి గౌరవించెను.

ఘోషా స్త్రీలు పరపురుషుని కెమెరా ముందుకు రారు. వారికై 1892లో హైదరాబాదున ప్రత్యేక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత కప్పగించెను. వచ్చినవారి మర్యాదను కాపాడుటయే ఆయన వ్యాపారమునకు మూలధనము.

1905లో ఆయన దివంగతుడయ్యెను. ఆ గాజు నెగటివులలో 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. బిరుదములు పోయినను పనితనము నిలిచినది.